గుమ్మడికాయకు మొదటి కత్తి

ఆ రోజుల్లో అనంతపురం పక్క పుట్టినవాళ్లం సంవత్సరాలను అంకెలతో గుర్తుపెట్టుకునేవాళ్లం కాదు. ఎవరి పెళ్లి ఎప్పుడంటే "పెద్ద వాన పడిన యేడు" అనేవాళ్లం. వాన పడని యేళ్లకు పేరుండేది కాదు, అవి మరీ ఎక్కువ కాబట్టి. నాకు బియెడ్ సీటొచ్చింది అట్లాంటి పేరులేని యేడాదిలోనే. బోరు ఎండిపోయింది, శెనక్కాయ పంట గడ్డికి కూడా మిగల్లేదు. నాయన పొద్దున్నే వచ్చి అరుగు మీద గోడకానుకుని కూర్చుంటే పొద్దు గూకేదాకా లేచేవాడు కాదు. పలకరిస్తే "ఊ" అనేవాడు, అంతే. ఆ "ఊ"ను ఫీజు అడగడం నా వల్ల కాలేదు.

పచ్చగా ఉన్నదల్లా మా పెరట్లో అమ్మ పెట్టిన గుమ్మడి పాదులే. స్నానాలు చేసిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు జాలాడి తూము గుండా నేరుగా వాటికే పోయేవి. (మేం ఎంత మురికిగా ఉంటే అవి అంత బాగా కాసేవి.) పెంకుల మీదికెక్కిన తీగలకు చంటిబిడ్డలంత కాయలు వేలాడుతుంటే, రోడ్డవతల కొత్త కాలనీలో అమ్మి ఫీజు కడతానన్నాను. నాయనకు మాట అప్పుడొచ్చింది.

"మనింటి ఆడపిల్ల గంపెత్తుకోని వీధుల్లో అరుస్తాదా? మానం పోదూ?"

"మానంతో ఫీజు కడ్తావా ఏమయ్యా? కడ్తానంటే చెప్పు, పాపను ఆపుతా" అంది అమ్మ. నాయన మళ్లీ "ఊ"లోకి వెళ్లిపోయాడు.

మొదటి ఇల్లు, బజారులో కిరాణా అంగడి ఉన్న సెట్టిగారిది. వాళ్లావిడ బేరమాడి, ఇంత కాయ మాకెందుకు, నాలుగో వంతు చాలంది. నేను హుషారుగా కాయను గడప ముందు పెట్టి కత్తి ఎత్తానో లేదో, లోపలినుంచి వాళ్లత్త పరుగెత్తుకొచ్చింది. "ఆగు! ఆగు! ఆడపిల్లవి గుమ్మడికాయకు మొదటి కత్తి పెడ్తావా? ఎవరన్నా మగోళ్లను పిల్చుకోని రా పో!" మగవాళ్లంతా అంగళ్లకూ ఆఫీసులకూ వెళ్లిపోయిన వేళ. బియెస్సీ ఫస్టుక్లాసులో పాసైన నేను, ఒక కూరగాయను కోసే అర్హత లేక, గంపెత్తుకుని ఇంటికొచ్చి నాయన ముందు నిలబడ్డాను.

"ఒక్కతూరే" అన్నాడు నాయన. "అమ్మేది నువ్వు. నేను ఊరికే కత్తి పెట్టేసి వస్తా."

వెళ్లి, గొంతుక్కూర్చుని, కాయను నాలుగువైపులా తట్టి చూసి, ఒక్క వేటుకు రెండు చెక్కలు చేశాడు. ఆ అత్తగారు మురిసిపోయి కాఫీ ఇచ్చింది. కాఫీ తాగుతూ నాయన ఆమెకు వానల గురించి, విత్తనాల గురించి, కాయ పండిందో లేదో తొడిమ చూసి చెప్పడం గురించి అరగంట మాట్లాడాడు. నెలల తరబడి మా ఇంట్లో ఎవరూ వినని మాటలన్నీ పరాయి గడపలో విన్నాను. మరుసటి రోజు నేను గంప సర్దుకునేసరికే ఇస్త్రీ పంచె కట్టుకుని, కత్తి చేతపట్టుకుని వాకిట్లో ఉన్నాడు. "ఇంకా ఎంతసేపు పాపా? ఆడ జనాలు కాచుకోనుంటారు!"

కాలనీ అంతా నాయన పేరు మోగిపోయింది. చిక్కల్లా ఒకటే. కళ్లంలో రాశి కొలిచేటప్పుడు వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపకూడదన్నది మా నాయన ధర్మం. ఆయన కత్తి పెట్టిన చోటల్లా కళ్లమే అయింది. చూడవచ్చినవాళ్లకో ముక్క, దారిన పోయేవాళ్లకో ముక్క, "బాలింత ఉండాదంట" అని ఇంకో ఇంటికి అరకాయ. నేను నాలుగో వంతు అమ్మితే ఆయన మూడు వంతులు పంచేవాడు. ఒకరోజు అన్నం తినేటప్పుడు "మన కాయలు ఎవరో ఊరికే పంచుతాండారమ్మా" అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నాయన గబగబా "నాలుగు ముక్కలే కదా!" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "ఫీజుకు పది రోజులే ఉండాది. రేపట్నుంచి నువ్వు రావద్దులే నాయనా" అనేశాను.

తరువాత మూడు రోజులు పోస్టుమ్యాన్‌నూ, పాలాయననూ దారిలో ఆపి కత్తి పెట్టించాను. గంప చక్కగా ఖాళీ అయ్యేది, ముక్క కూడా వృథా పోయేది కాదు. నాలుగో రోజు గడప దాటుతూ చూద్దును కదా, నాయన ఇస్త్రీ పంచె కట్టుకుని, తల దువ్వుకుని, అరుగు మీద గోడకానుకుని కూర్చున్నాడు. ఆ మూడు రోజులూ అట్లాగే తయారై కూర్చున్నాడని అమ్మ చెప్పింది. గంప దించి ఆయన పక్కన కూర్చున్నాను.

"నాయనా, పోస్టుమ్యాన్ కోస్తే వంకర పోతాంది. నువ్వు రా."

"నేనొస్తే నీ ఫీజుకు తక్కువ పడ్తాదిలే పాపా."

"పడనీ. వచ్చే యేడు మళ్లీ పరీక్ష రాస్తా."

నాయన లేచి, కత్తి అందుకున్నాడు.

ఫీజు తక్కువే పడింది, సీటు పోయింది. ఆ యేడంతా మేమిద్దరం కాలనీ వీధుల్లో తిరిగాం. నేను అమ్మడం, ఆయన పంచడం, దారి పొడవునా పోట్లాడుకోవడం. మరుసటి యేడు మళ్లీ సీటు తెచ్చుకున్నాను. ఈసారి ఫీజుకు ఒక్క ముక్క తగ్గకుండా అమ్మ మా వెనకాలే కాపలా నడిచింది.

మొదటిసారి నాతోపాటు సీటొచ్చిన సారు ఇప్పుడు తనకల్లు పక్క మా బడికే హెడ్మాస్టరు. నా సెలవు చీటీ మీద సంతకం పెట్టేటప్పుడల్లా ఆయనకు పాపం అనిపిస్తుంది. "ఆ ఒక్క యేడు వెనకపడకపోయుంటే ఈ కుర్చీ మీదే కదా మేడమ్! ఏమైందప్పుడు?" అని మొన్న అడిగాడు. "మా నాయనతో పనుండింది సార్" అన్నాను. ఆస్పత్రి పని అనుకున్నాడేమో, ఇంకేం అడగలేదు, నేనూ చెప్పలేదు. నాయన పోయి చాలా యేళ్లయింది. ఆ ఒక్క యేడు మళ్లీ ఇస్తామంటే, సీనియారిటీ జాబితాలో అందరికంటే కింద నా పేరు రాసుకోమంటాను.