పువ్వు చెరిపేసిన తుపాకులు

మా ఎదురింటి అంకుల్ మంగళవారం పొద్దున్న పోయారు. నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉండగా మా వీధి వాట్సాప్ గ్రూపులో ఆ మాట వచ్చింది. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. ఎవరో "తుపాకుల అంకుల్ ఇక లేరు" అని రాశారు. ఇక్కడ అమెరికాలో, ఇర్వింగ్‌లో మా చుట్టుపక్కలవాళ్ళకి ఆయన గురించి తెలిసింది అంతే. ఫోన్ బోర్లా పెట్టి, నా వంతు వచ్చినప్పుడు నిన్న ఏం పని చేశానో, ఇవాళ ఏం చేస్తానో చెప్పాను. ఎలా చెప్పానో నాకే తెలియదు. ఆయన పోతారని నెలల ముందే తెలుసు. తెలిసి ఏం లాభం? ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు ఏడుపు కంటే కోపమే ముందు వస్తోంది.

ఆయన రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ సైన్యం తుపాకులు సేకరించేవారు. బీరువాలో పెట్టి చూసుకోవడానికి కాదు. శుభ్రం చేసి, షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళి కాల్చేవారు. గుంటూరు నుంచి వచ్చి, ఉద్యోగమంతా డేటాబేస్‌లతో గడిపిన మనిషికి ఈ పిచ్చి ఎక్కడ పట్టిందని అడిగితే, "కొందరికి గోల్ఫ్ లేదూ?" అనేవారు.

నేను హెచ్-వన్ వీసా మీద ఉన్నాను. మొదటిసారి వాళ్ళ గరాజ్‌లో ఒక తుపాకీ మీద చెయ్యి వెయ్యబోతే, వేడి పెనం ముట్టుకోబోయే పిల్లని ఆపినట్టు ఆపారు.

"ఆగమ్మాయ్! వీసా మీద ఉన్నవాళ్ళు ముట్టుకోకూడదు. హంటింగ్ లైసెన్స్ ఉంటే పర్లేదు. తెచ్చుకో, అప్పుడు చూద్దాం."

"నేను గుడ్డు కూడా తినను అంకుల్."

"తినమని ఎవరన్నారు? లైసెన్స్ తెచ్చుకోమన్నా."

అలా వరంగల్లు నుంచి వచ్చిన పప్పన్నం మనిషిని, జింకకి గుండె ఎక్కడుంటుందో చదివి, పరీక్ష రాసి, వేటగత్తెనయ్యాను. ఆయన నా లైసెన్సు తీసుకుని వెనకా ముందూ చూసి, "ఇప్పుడు పట్టుకో" అన్నారు. ఆ బరువుకి ముందుకి తూలాను.

వాళ్ళింట్లో దసరాకి ఆయుధ పూజ నిజంగా ఆయుధాలకే జరిగేది. ఆంటీ మొదటి ఏడాది తుపాకులన్నీ వరసగా పెట్టి, పసుపు నీళ్ళు చల్లి, గొట్టాల మీద కుంకుమ బొట్లు పెట్టి హారతి ఇచ్చిందట. మర్నాటికి ఇనుమంతా ఎర్రగా తుప్పు. ఆయన ఆంటీని ఒక్క మాట అనకుండా నూనె గుడ్డ పట్టుకుని కూర్చున్నారట. "పసిఫిక్ దాటొచ్చినా పట్టని తుప్పు మీ ఆంటీ భక్తికి పట్టింది" అని నాకు చెప్పి నవ్వేవారు. ఆ తర్వాత నుంచి బొట్లు పెట్టెలకే.

ఆ తుపాకుల మీద చామంతి పువ్వు గుర్తు చెక్కి ఉంటుంది. అది వాళ్ళ చక్రవర్తిది. యుద్ధం ఓడిపోయి ఆయుధాలు అప్పగించేటప్పుడు, ఆ పువ్వు శత్రువు చేతిలో పడకూడదని చాలావాటి మీద అరగదీసేశారట. సేకరించేవాళ్ళందరూ పువ్వు చెక్కుచెదరని తుపాకుల కోసం వెతుకుతారు. అంకుల్ మాత్రం పువ్వు అరగదీసినవే కొనేవారు. గన్ షోలో అమ్మేవాళ్ళు ఆయన్ని చూసి మొహమొహాలు చూసుకునేవారు. నాకూ అర్థంకాక అడిగాను.

"పువ్వు బాగుందంటే, చాలామటుకు చచ్చినవాడి దగ్గర్నుంచి తీసుకున్నదమ్మాయ్. చెరిపేశారంటే, ఎవడో దీన్ని అప్పగించేసి బతికి ఇంటికెళ్ళాడన్నమాట. నాకు ఇంటికెళ్ళినవాడిదే కావాలి."

రేంజ్‌లో ఆయనకి తొందరే ఉండేది కాదు. "ఊపిరి వదిలేశాక, మళ్ళీ పీల్చకముందు కాస్త ఖాళీ ఉంటుంది చూడు, అక్కడ నొక్కు" అని నేర్పారు. కాల్చాక కింద పడ్డ ఇత్తడి గొట్టాలన్నీ నేనూ ఆయనా వంగి ఏరేవాళ్ళం. ఆ పాత తుపాకులకి సరిపడే గుళ్ళు బజార్లో సులువుగా దొరకవు. ఖాళీ గొట్టాల్లో ఆయనే మళ్ళీ తుపాకి మందు నింపుకునేవారు. గడ్డిలో ఒక్కటి కనపడకపోయినా ఇంటికి కదిలేవారు కాదు. నాకు విసుగొచ్చేది. ఇప్పుడు ఆ విసుగు కూడా కావాలనిపిస్తోంది.

తర్వాత పాంక్రియాస్ క్యాన్సర్ అన్నారు. ఒక మందు పనిచెయ్యలేదు. రెండోదీ పనిచెయ్యలేదు. ఇంకొకటి ఉంది, ప్రయత్నించి చూడొచ్చు, అంతకంటే ఏమీ చెప్పలేను అన్నాడు డాక్టరు. అంకుల్ వద్దన్నారు. ఆంటీ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నువ్వన్నా చెప్పమ్మా. నా మాట వినట్లా. నువ్వు చెప్తే వింటారు."

వెళ్ళాను. ఆయన గరాజ్‌లో ఒక తుపాకీ తుడుచుకుంటున్నారు. మణికట్లు పుల్లల్లా ఉన్నాయి.

"ఎందుకట్ల వద్దంటున్నరు అంకుల్? ఒక్కసారి ట్రై చేస్తే ఏమైతది?"

"చాలమ్మాయ్. ఇక అప్పగించేస్తా."

నాకు ఒళ్ళు మండింది. "ఇంటికి పోయినోళ్ళవే కావాలంటరు కదా! మీరు అప్పగిస్తే ఏ ఇంటికి వస్తరు?" అని అరిచాను.

ఆయన గుడ్డ పక్కన పెట్టారు. "నేను ఇంట్లోనే ఉన్నాగా. ఆ మందు మొదలుపెడితేనే ఇక్కడ ఉండను."

ఆయన కాళ్ళు పట్టుకున్నాను. మాటవరసకి అనడం లేదు, నిజంగానే ఆ సిమెంటు నేల మీద కూర్చుని పట్టుకున్నాను. "లే, నేలంతా నూనె, బట్టలు పాడవుతాయి" అన్నారు. ఒప్పుకుంటానని మాత్రం అనలేదు.

అయినా ఆంటీ అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చెయ్యలేదు. ఆ పొద్దున్న ఇద్దరినీ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని నేనే డ్రైవ్ చేశాను. డిక్కీలో ఆయన పట్టుబట్టి పెట్టించిన తుపాకీ పెట్టె ఉంది. హాస్పిటల్ వైపు తిరగాల్సిన సిగ్నల్ దగ్గర, "అమ్మాయ్, రేంజ్‌కి పోనీ" అన్నారు. ఇండికేటర్ హాస్పిటల్ వైపే టిక్కుటిక్కుమంటోంది. అద్దంలో ఆంటీని చూశాను. ఆవిడ వద్దంటే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సిగ్నల్ ఆకుపచ్చగా మారింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

"పోనీయమ్మా," అంది ఆంటీ.

రేంజ్‌లో తుపాకీని ఇసక సంచి మీద ఆనించాం. బల్ల ముందు బెంచీకి వెనక ఆనుకునే పలక లేదు. ఆయన కూర్చోలేక పక్కకి వాలిపోతున్నారు. ఎప్పుడూ రేంజ్ మొహం చూడని ఆంటీ, చీర సర్దుకుని ఆయన వెనకే కూర్చుని, రెండు చేతులూ ఆయన నడుము చుట్టూ వేసి, తన గుండెకి ఆనించుకుంది. నేను గుండు పెట్టి బోల్ట్ మూశాను. ఆయన కాల్చారు. ఆ దెబ్బకి ఇద్దరూ కలిసి వెనక్కి ఊగి, కలిసి ముందుకొచ్చారు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఊగారు. గుండు ఎక్కడ తగులుతోందో మేం ఎవరం చూడలేదు.

కాసేపటికి ఆయన ట్రిగ్గర్ మీంచి వేలు తీసేసి, "చాలు" అన్నారు.

"ఇంకొకటి," అంది ఆంటీ, మోత వినపడకుండా చెవులకి పెట్టుకున్నవాటి వల్ల గట్టిగా. "ఇంకొక్కటి కాల్చండి. ఒక్కటే."

ఆయన తల అడ్డంగా ఊపారు. అప్పుడే, టార్గెట్లు మార్చుకోవడానికి కాల్పులు ఆపమని మైకులో చెప్పారు. అలా చెప్పినప్పుడు అందరూ తుపాకులు వదిలేసి పసుపు గీత వెనక్కి రావాలి. గీతకి ముందు, తుపాకుల దగ్గర ఎవరూ ఉండకూడదు. అందరూ వచ్చారు. నేనూ వచ్చాను. వాళ్ళిద్దరూ లేవలేదు. రేంజ్ ఆఫీసర్ కేకలెయ్యడానికి విసురుగా వాళ్ళ వైపు నడిచి, దగ్గరికి వెళ్ళాక ఆగిపోయాడు. వెనక్కి వచ్చి మా పక్కనే నిలబడ్డాడు. టార్గెట్లు మార్చుకోవడానికి ఒక్కరూ కదలలేదు. మేమంతా గీత వెనక నిలబడి, ఆవిడ చేతులు వదిలేదాకా ఎదురుచూశాం. ఆవిడ వదల్లేదు.