చచ్చి లేచిన బొమ్మరాజు

మా చిన్నతనంలో ఆదివారం మధ్యాహ్నమైతే చాలు... ఒక రాజు చచ్చేవాడు.

గుడ్డబొమ్మ రాజు. గోనెపీచు మీసాలు, అట్టకిరీటం. ఖిల్లా ఘణపూర్ దగ్గర మా ఊళ్ళో, పంచాయతీ ఆఫీసు అరుగు మీద పెట్టిన టీవీలో, పిల్లల కార్యక్రమంలో వచ్చేవాడు. ఆ బొమ్మలవాళ్ళు పద్యనాటకాలను వెక్కిరించేవాళ్ళు... అదీ ఎంత ముద్దుగానో! రాజు రాగం ఎత్తుకుంటే ఇక తెగేది కాదు. పక్కన మంత్రిబొమ్మ గుర్రుపెట్టేది. హార్మోనియం వాయించే కప్ప మాత్రం కళ్ళు మూసుకుని తన లోకంలో తానుండేది.

బయట ఎండ... ఆముదం చేల మీదుగా వేడిగాలి... గుట్ట మీది కోటగోడ ఆ ఎండలో కరిగిపోతున్నట్టు కదిలేది. అరుగు మీది చల్లటి బండల మీద మేం బోర్లా పడుకుని చూసేవాళ్ళం. ఎప్పుడు నిద్రలోకి జారేవాళ్ళమో, ఎప్పుడు మేలుకునేవాళ్ళమో... కలలో కూడా ఆ కప్పే వాయిస్తుండేది.

మా నాయన బాలయ్యకు ఏడాది పొడుగునా పల్లికాయ చేను, జాతరొస్తే రాజు వేషం. బాణం తగిలి, పద్యం పాడి, చచ్చిపోయే రాజు. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గాని... పద్యం నచ్చితే జనం "వన్స్ మోర్" అని అరిచేవాళ్ళు. చచ్చిన రాజు లేచి, దుమ్ము దులుపుకుని, అదే పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేవాడు. అలా లేపడం నటుడికి జనం చేసే మర్యాద.

ఒక ఆదివారం బొమ్మలవాళ్ళు సరిగ్గా దాన్నే పట్టుకున్నారు. బొమ్మరాజు చచ్చాడు. ఎదురుగా కూర్చున్న మేకబొమ్మలు వన్స్ మోర్ అన్నాయి. లేచాడు, పాడాడు, చచ్చాడు. మళ్ళీ వన్స్ మోర్. చివరికి బాణం వేసినవాడే వచ్చి కాళ్ళు పట్టుకున్నాడు... "మహాప్రభో, ఆఖరి బస్సు వెళ్ళిపోతోంది. దయచేసి చచ్చిపోండి!"

అరుగంతా ఒక్కసారిగా మా నాయన వైపు తిరిగింది.

"ఓ బాలన్నా, గా బొమ్మ నిన్ను జూసే నేర్సుకున్నట్టుంది!" అంది పక్కింటి చంద్రమ్మత్త.

నాయన తువ్వాల నోట్లో కుక్కుకుని నవ్వుతున్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

నవ్వనివాడు ఒక్కడే. నాటక సమాజానికి పెద్ద... పెద్దసారు అనేవాళ్ళం. పేరు రాయను, ఆ గౌరవం ఆయనకు నా చేతులతో దక్కదు. లేచి టీవీ కట్టేశాడు.

"ఏంది బాలయ్యా, మన విద్యను గుడ్డబొమ్మలతోని గిట్ల ఆడిస్తుంటే పండ్లికిలిస్తున్నవ్? సిగ్గనిపిస్తలేదా?"

"సిగ్గెందుకు సార్? గా బొమ్మ నాకంటె మంచిగ సచ్చింది. పడ్డప్పుడు సూసిన్రా... కిరీటం జారలేదు. నాది ఎప్పుడు పడ్డా దొర్లిపోతది."

"వచ్చే ఆదివారం ఈడ కూసున్నవంటే జాతరల నీకు వేషం లేదు."

నాయన తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "నాకు నవ్వొస్తది సార్. రాదని ఎట్ల జెప్పాలె?"

ఆ వేషం తప్ప ఆయనకు వేరే సరదా లేదు. ఎద్దులతోనూ రాగంలోనే మాట్లాడేవాడు. అయినా మరుసటి ఆదివారం తలస్నానం చేసి, మా అందరి ముందు కూర్చుని బొమ్మలు చూశాడు.

రాజు వేషం పెద్దసారు అల్లుడికి వెళ్ళింది. వనపర్తి నుంచి వచ్చాడు. జాతరలో నాయన జనంలో గోనెసంచి మీద కూర్చున్నాడు, పక్కన నేను. అల్లుడు పద్యం పాడాడు. బాగానే పాడాడు. చచ్చాడు.

ఎవరూ అరవలేదు. బాలన్న కాని రాజును లేపడానికి ఊరికి నోరు రాలేదు. వేదిక మీద ఆ మనిషి అలాగే పడి ఉన్నాడు. కనురెప్పలు కొద్దిగా తెరిచి జనం వైపు చూడటం నాకు కనిపించింది...

నాయన లేచి నిలబడ్డాడు. "వన్స్ మోర్!" అన్నాడు, గొంతెత్తి, ఒక్కడే.

జనం గొల్లున నవ్వారు. బొమ్మల మేకలు గుర్తొచ్చాయి వాళ్ళకు. పెద్దసారు తెర దించేయించాడు. బాలయ్య నిండు సభలో అల్లుణ్ణి వెక్కిరించాడని ఊరూరా చెప్పించాడు. ఆ తర్వాత ఘణపూర్‌లోగాని, బిజినేపల్లిలోగాని ఏ సమాజమూ నాయనను వేషానికి పిలవలేదు.

ఇంటికి నడిచొస్తూ నాయన నాతో అన్న మాట ఇది. "పిలగాడు పానం పెట్టి పాడిండురా. ఎవ్వరు అడగకుంటె ఆడ పండుకున్నోనికి ఎట్లుంటదో... నాకెరుక."

మొన్న వనపర్తిలో ఒక కళాకారుల సభ. ఆ అల్లుడే, ఇప్పుడు శాలువా కప్పుకున్న పెద్దమనిషి, మైకు ముందు నిలబడి టీవీ బొమ్మలే నాటకాన్ని చంపాయన్నాడు. ఒక తోటి నటుడు తనను ఎగతాళి చేసిన గాయం ఇంకా మానలేదని కూడా అన్నాడు. చప్పట్లు కొట్టారు.

అయ్యా... ఆ రోజు అంత జనంలో మీరు లేవాలని కోరుకున్నవాడు ఒక్కడే ఉన్నాడు. ఆ కేక వినీ, మీ మామ భయానికి మీరు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. నాటకాన్ని ఎవరు చంపారో ఆ బొమ్మలను అడగకండి. పద్యాలన్నీ కంఠతా వచ్చినవాళ్ళు ఆడించిన బొమ్మలవి. మీ సమాజంలో సగం మందికి అవి రావు.

ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నాయన పోయాక ఆయన పక్షాన చెప్పేవాళ్ళు లేరు కాబట్టి రాస్తున్నాను.

ఆ బొమ్మలాట ఇప్పుడు ఎక్కడా దొరకడం లేదు. మనవరాలు ఫోనులో వెతికి వెతికి విసిగిపోయింది. ఇప్పుడు ఎవరి తెర వాళ్ళ అరచేతిలో... నవ్వొస్తే తిరిగి చూడడానికి పక్కన మనిషి ఉండడు.

ఇది చదివేవాళ్ళు ఒక్క సహాయం చేయండి. మాది నలుపు తెలుపు టీవీ. బొమ్మరాజుది తను జాతరలో వేసుకునేలాంటి ఎర్ర మఖ్మల్ అంగీయే అని నాయన చివరిదాకా అనేవాడు... కాదు, ఆకుపచ్చదని నేను వాదించేవాణ్ణి. మీలో ఎవరైనా రంగుల టీవీలో చూసి ఉంటే చెప్పండి.

ఎర్రదే అని చెప్పండి.