మూఢంలో బృహస్పతి

పొద్దున పక్కింటి టీవీలో పంతులుగారు గొంతు పెంచి, "గురుమూఢం మొదలైందండీ, శుభకార్యాలన్నీ వాయిదా వేసుకోవాలి" అంటుంటే, పొయ్యి మీద పాలు పొంగి మాడు వాసన వచ్చేదాకా కదలకుండా విన్నాను. గురుడు సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి కంటికి కనబడని రోజులే మూఢం. పెళ్లి వద్దు, గృహప్రవేశం వద్దు, కొత్త పని ఏదీ వద్దు. నాకు మాత్రం ఆ మాట చెవిన పడితే ఒక్క మనిషే గుర్తొస్తుంది. బందరులో మాకు డిగ్రీలో ఫిజిక్స్ చెప్పిన వసుంధర గారు. ఆవిడే లేకపోతే నేనేమయ్యేదాన్నో!

రెండువేలు దాటిన కొత్తలో మాట. సముద్రపు గాలికి తుప్పుపట్టి కిటికీ రెక్కలు మూతపడని గదిలో మా క్లాసు. వసుంధర గారు పొట్టిగా, సన్నగా, గంజి పెట్టిన నేతచీరలో ఉండేవారు. గొంతు మాత్రం వరండా చివరిదాకా వినిపించేది. ఒకరోజు పాఠం పక్కన పెట్టి, మన సూర్యుడిలాంటి ఒక నక్షత్రం దగ్గర గ్రహం దొరికిన సంగతి చెప్పారు. మన బృహస్పతి జాతి రాకాసి గ్రహం, నక్షత్రాన్ని ఆనుకున్నట్టే ఉండి, నాలుగు రోజుల్లో ఒక చుట్టు తిరిగేస్తుందట. "ఎవరైనా చూశారా మేడమ్?" అన్నాను. "ఎవరూ చూళ్లేదు. పద బయటికి!" అని, వరండాలో నీళ్ల బకెట్టుకు చేంతాడు కట్టి గిరగిరా తిప్పారు. ఆ లాగుడికి ఆవిడా అటూ ఇటూ ఊగిపోతున్నారు, చెప్పులు జారుతున్నాయి. "బకెట్టును కాదర్రా, నన్ను చూడండి! ఆ నక్షత్రం ఇలాగే ఊగింది. ఊగుతోందంటే లాగేది ఒకటి ఉన్నట్టే కదా!" నీళ్లు వెళ్లి ప్రిన్సిపాల్ గారి గుమ్మంలో పడ్డాయి. నా నోరు ఊరుకుంటుందా! "అయితే అక్కడ గురుడికి ఎప్పుడూ మూఢమే. పాపం, పెళ్లిళ్లే ఉండవు" అన్నాను. అందరికంటే గట్టిగా ఆవిడే నవ్వారు.

ఆ వేళాకోళం చివరికి నాకే చుట్టుకుంది. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది గానీ, చేరడానికి ఇచ్చిన గడువు సరిగ్గా గురుమూఢంలో పడింది. మొవ్వ దగ్గర మా ఊళ్లో, మా ఇంట్లో, నాయనమ్మ మాటంటే మాటే. "మూఢంలో పిల్లని కొత్త ఊరు పంపుతారట్రా? వచ్చే ఏడు చేరొచ్చులే" అంది. నాన్న తలెత్తలేదు. వాళ్లమ్మ మాట ఎప్పుడు కాదన్నాడు గనుక! అలిగి అన్నం మానేశాను. కడుపు మాడింది తప్ప ఒరిగిందేమీ లేదు. చివరికి ఫోన్ బూత్‌కి వెళ్లి వసుంధర గారికి చెప్పుకుని భోరుమన్నాను. "ఏడుపాపి మీ ఊరికి ఏ బస్సెక్కాలో చెప్పు" అన్నారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, చేలగట్ల మీద నడిచొచ్చి, కుచ్చిళ్లకు బురదతో మా అరుగెక్కారు. పంచాంగాన్ని దులిపేస్తారేమోనని హడలిపోయాను. ఆవిడ నెమ్మదిగా మజ్జిగ తాగి, "పిన్నిగారూ, మన గురుడు నిజంగా సూర్యుడి దగ్గరికి వెళ్లడండీ, మన కంటికి అలా కనబడతాడంతే. నిజంగా దగ్గరున్నవాడు వేరే ఉన్నాడు" అని ఆ నక్షత్రం కథంతా చెప్పారు. నాయనమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది. "అంత సెగలోనా! మాడిపోలేదూ?"

"లేదండీ. తిరుగుతూనే ఉన్నాడు."

"బానే ఉంది గానీ తల్లీ, అది వాడి లోకం. మా పిల్లకి ఏదైనా అయితే?"

వసుంధర గారి గొంతు తగ్గింది. అంత చిన్న గొంతు ఆవిడకు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. "నాకూ పీహెచ్‌డీ సీటు వచ్చిందండీ, వయసులో ఉన్నప్పుడు. మూఢం వెళ్లాక పంపుతానన్నారు మా నాన్నగారు. ఆగాను. మూఢం వెళ్లింది, సీటూ వెళ్లింది. మరుసటేడు ఇంకోటేదో అడ్డొచ్చింది. నాకేమీ కాలేదు పిన్నిగారూ. అసలేమీ కాలేదు. అదే నా ఏడుపు."

నాయనమ్మ ఆవిడ బురద పాదాలవైపు కాసేపు చూసి, "ఒరేయ్, పిల్ల బట్టలు సర్దించు. మూఢం సంగతి నేను చూసుకుంటాలే" అంది. నేను వెళ్లి చేరి ఉత్తరం రాసేదాకా ఒంటిపూట తిని, నా పేరున దీపం పెట్టిందని తర్వాత అమ్మ చెప్పింది.

గుడివాడలో రైలెక్కించడానికి వసుంధర గారూ వచ్చారు. "భయమేస్తోంది మేడమ్" అన్నాను. "వెయ్యనీ. భయపడుతూనే ఎక్కు" అన్నారు. అలాగే ఎక్కాను. ఆ తర్వాత ఏది మొదలుపెట్టినా అలాగే మొదలుపెట్టాను.

ఆవిడ ఇప్పుడు లేరు. నేను గుడివాడలోనే పాఠాలు చెప్పుకుంటున్నాను. మా క్లాసులో చురుకైన పిల్లకి హైదరాబాదులో సీటొస్తే ఇంట్లోవాళ్లు ఆగమన్నారని తెలిసి, ఇవాళ మధ్యాహ్నం ముదినేపల్లి బస్సెక్కాను. వాళ్ల తాతగారు గుమ్మంలోనే అడ్డంగా నిలబడి, "ఇప్పుడు మూఢం కదండీ, మేడమ్ గారూ" అన్నారు.

"అవునండీ. అందుకే ఇవాళే వచ్చాను" అన్నాను.