కొసరుగా ఇచ్చిన గాజు మూత

పోయిన శనివారం మా ఇంటికి పార్సిల్‌లో ఒక చెక్క బోర్డు వచ్చింది. రెండడుగుల పొడవు, ముదురాకుపచ్చ రంగు, దాని మీద తెల్లని అక్షరాలు. పాత యుద్ధవిమానాలు పోగుచేసే పిచ్చి ఉన్న ఒక అమెరికన్ షావుకారు కాలం చేస్తే, ఆయన కొడుకు షెడ్డు ఖాళీ చేస్తూ, ఇది మీకు కావాలేమోనని నాకు మెయిల్ పెట్టాడు. ధర అడిగాను, చెప్పాడు, డబ్బు పంపించేశాను. మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "ఒంట్లో బాగానే ఉందా? కొత్తిమీర కట్ట దగ్గర కూడా ఇండియన్ స్టోర్ ఆయన్ని ఏడిపిస్తారు కదండీ, దీనికి అడిగినంత పే చేసేశారా?" అంది. ఆవిడ ఆశ్చర్యంలో తప్పు లేదు. నేను తెనాలిలో మా నాన్న కిరాణా కొట్లో, కాటా పక్కన పాకడం నేర్చుకున్న వాణ్ణి. బేరం ఆడకుండా కొన్న వస్తువు నా జీవితంలో ఇదొక్కటే.

ఇరవై ఏళ్ళ కిందట అమెరికాలో, హెర్న్‌డన్ అనే ఊళ్ళో మేము అద్దెకు దిగిన టౌన్‌హౌస్‌కి గోడ కలిసిన ఇల్లు ఒక జర్మన్ పెద్దాయనది. ఎనభై దాటినా కొలబద్దలా నిటారుగా ఉండేవాడు. పాత సామాను అమ్మడానికి గరాజ్ సేల్ పెడితే వెళ్ళి ఒక డైనింగ్ టేబుల్ బేరమాడాను. బేరం తెగాక, అలవాటు కొద్దీ, పక్కనున్న మడతకుర్చీ కూడా ఇమ్మన్నాను. "దీనికెంత ఇస్తావు?" అన్నాడు. ఏమీ ఇవ్వననీ, దాన్ని మా భాషలో కొసరు అంటారనీ, మా కొట్లో పావుకిలో పప్పు కొన్నవాడికి గుప్పెడు పుట్నాలు పడకపోతే గుమ్మం దిగడనీ వివరించాను. "మరి అమ్మేవాడికి నష్టం కాదా?" అని అడిగాడు. "మనకి బరువు కానిదే వేస్తాం సార్" అన్నాను, మూడు తరాల అనుభవంతో. ఆయన గట్టిగా నవ్వి, కుర్చీ తనే మోసుకొచ్చి మా గుమ్మంలో పెట్టాడు.

ఆయన ఇంట్లో గదులకి తలుపులుండేవి కావు. బాత్రూంకి కూడా పూలపూల కర్టెనే. జనవరి మంచులోనూ ఏదో ఒక కిటికీ జానెడు తెరిచే ఉండేది. "హీటింగ్ బిల్ ఎవరు కడుతున్నారండీ ఈ తాతగారికి?" అని మా ఆవిడ విస్తుపోయేది. నేనైతే తలుపులు అమ్ముకుని ఉంటాడనుకున్నాను. నా బుద్ధి అంతకంటే దూరం వెళ్ళదు.

మా ఆవిడ పెట్టే అల్లం టీ కోసం వచ్చి, ఆయన తన కథ విడతలవారీగా చెప్పాడు. రొట్టెలు కాల్చేవాడి కొడుకు. పద్నాలుగేళ్ళకి ఇంజను లేని విమానాల మీద కొండ అంచు నుంచి ఎగరడం నేర్చుకున్నాడు. పంతొమ్మిదేళ్ళకి ఒంటిసీటు యుద్ధవిమానం చేతికిచ్చారు. "అందులో కూర్చోం, తొడుక్కుంటాం. భుజాలు రెండు పక్కలా తగులుతుంటాయి" అనేవాడు. రెండో ప్రపంచయుద్ధం చివర అమెరికన్లకి ఖైదీగా చిక్కాడు. తరువాత ఈ దేశమే వచ్చి, ముప్ఫయ్యేళ్ళు కొత్త ఇళ్ళకి కిటికీలు బిగించాడు. ఒకరోజు ఉండబట్టలేక, మీరు ఎవరి తరఫున పోరాడుతున్నారో అప్పుడు తెలియదా అని అడిగాను. టీ కప్పు కింద పెట్టాడు. "నువ్వు కొట్లో పెరిగావు కాబట్టి అలాగే చెబుతాను. ఆ దుకాణంలో ఏం అమ్ముతున్నారో మాకు తెలుసు. తెలిసే కౌంటర్ వెనక నిలబడ్డాం."

అప్పట్లో నా సంగతీ అంత ఊపిరాడేలా లేదు. హెచ్-వన్ వీసా మీద ఒకే కంపెనీకి కట్టుబడి ఉండాలి, గ్రీన్‌కార్డు క్యూ కదలదు, మా ఆవిడ ఎమ్మెస్సీ చదివీ పనిచేసే అనుమతి లేక ఇంట్లో మైక్రోవేవ్ తుడుస్తూ కూర్చునేది. ఉద్యోగం నచ్చకపోతే మానెయ్యొచ్చుగా అన్నాడాయన. కాగితాలు కంపెనీ చేతిలో ఉన్నాయన్నాను. "అంటే బయటి నుంచే తెరవాలా?" అన్నాడు. అవునన్నాను.

ఈ బోర్డు సంగతి ఆ రోజుల్లోదే. ఆ షావుకారు షెడ్డులో పెద్దాయన నడిపిన రకం విమానం ఉంది. దాని ముందు ఈయన పేరు, కూల్చిన విమానాల అంకె రాసిన బోర్డు. ఆ అంకె తీసేసి, యుద్ధంలో తన విమానం చూసుకున్న మెకానిక్ పేరు రాయించాలని పెద్దాయన కోరిక. "ఆ ఒక్కొక్క అంకెలో ఒక మనిషున్నాడు. నన్ను బతికించినవాడి పేరు మాత్రం ఎక్కడా లేదు. తరువాత తూర్పు యుద్ధరంగానికి పంపారు, తిరిగి రాలేదు, పిల్లల్లేరు. నేను పోతే ఆ పేరు పలికేవాడు ఉండడు. నువ్వు వెళ్ళి బేరమాడు" అన్నాడు. ఎలా బతికించాడని నేను అడగలేదు. బేరానికి అక్కర్లేని వివరం.

షావుకారు గట్టివాడు. జనం చూసేది అంకెనే అన్నాడు. పెద్దాయన ఆ సీట్లో కూర్చుని ఫొటో ఇస్తాడన్నాను. కొంచెం మెత్తబడ్డాడు. ఇంకొక్క తోపు చాలనిపించి, "పైన గాజు మూత కూడా వేసి తీసుకోండి, అచ్చం ఆనాటిలా ఉంటుంది" అన్నాను. చెయ్యి కలిపాడు. దారిపొడుగునా నన్ను నేనే మెచ్చుకుంటూ డ్రైవ్ చేశాను.

ఆ ఆదివారం ఇద్దరు పట్టుకుని పెద్దాయన్ని సీట్లోకి దించారు. షావుకారు మూత మీద చెయ్యి వెయ్యగానే ఆయన ముఖంలో రంగు మారింది. రెక్క మీద నిలబడ్డ నావైపు తిరిగాడు. "ఇది ఎవరు ఒప్పుకున్నారు?"

"నేనే సార్. కొసరు."

"నీకు బరువు కానిది." మూత వైపు చూశాడు. "ఇది లేకపోతే బేరం పోతుందా?"

పోదు, దిగండి అనాల్సింది. నేను షావుకారు ముఖం చూసి, "పోవచ్చు" అన్నాను.

"అయితే వెయ్యండి."

మూత పడింది. ఫొటోలు అయ్యాయి. మూత మాత్రం తెరుచుకోలేదు. లోపలి పిడి ఎప్పుడో ఊడిపోయింది, బయటి గొళ్ళెం బిగుసుకుంది. షావుకారు నూనె డబ్బా కోసం పరుగెత్తాడు. నేను గాజు మీద అరచేతులు ఆనించి, వస్తున్నారు సార్, వస్తున్నారు అని అరుస్తున్నాను. ఆయన అరవలేదు. వేళ్ళ కణుపులతో గాజుని మూడుసార్లు కొట్టి ఆగేవాడు, మళ్ళీ మూడుసార్లు. కళ్ళు నా మీద లేవు. నా భుజం మీదుగా, ఎవరో పరుగెత్తి రావాల్సిన వైపు చూస్తున్నాయి. ఐదు నిమిషాలో ఆరో. నా గ్రీన్‌కార్డు క్యూలో అంత పొడుగు ఏడాది ఒక్కటి కూడా లేదు.

గొళ్ళెం ఊడింది. దింపి కూర్చోబెడితే, చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. నీళ్ళు తాగాక చెప్పాడు: దెబ్బతిన్న విమానాన్ని తమ స్థావరం పక్క పొలంలో దించాడట, మూత వంగిపోయిందట, కాళ్ళ దగ్గర మంట. "ఇలాగే కొట్టాను. నా మెకానిక్ గొడ్డలి పట్టుకుని వచ్చాడు. చేతులు కాలిపోయినా లాగాడు."

"ముందే చెబితే ఈ మాట అననే అననుగా సార్!"

"అడిగితే చెప్పేవాణ్ణి" అన్నాడు, కోపం లేకుండా. "సరే, మన వంతు ఇచ్చేశాం. రంగు ఇవాళే వేయించు."

షావుకారు తల వంచుకుని అప్పటికప్పుడే అంకె మీద ఆకుపచ్చ పూసి, కింద సన్నని కుంచెతో ఆ పేరు రాశాడు. పెద్దాయన ప్రతి అక్షరం దగ్గరుండి చూసుకున్నాడు. మరో రెండేళ్ళు మా ఇంట్లో టీ తాగి, ఒక ఉదయం కిటికీ తెరిచి ఉండగానే వెళ్ళిపోయాడు. మా గ్రీన్‌కార్డు ఆ తరువాత పదేళ్ళకి వచ్చింది. ఆ రాత్రి మా ఆవిడ ఇంట్లో తలుపులన్నీ తెరిచి పెట్టింది. ఎందుకని నేను అడగలేదు.

ఇప్పుడు పార్సిల్ విప్పి చూస్తే, ఇన్నేళ్ళకి ఆకుపచ్చ పొర పల్చబడి అడుగున పాత అంకె తేలుతోంది. మెకానిక్ పేరేమో సగం వెలిసిపోయింది. కాలేజీకి వెళ్ళబోతున్న మా అమ్మాయి దగ్గరికి వచ్చి, "నాన్నా, ఈ నేమ్ ఎలా సే చెయ్యాలి?" అని అడిగింది. చెప్పాను. రెండుసార్లు తప్పు పలికి, మూడోసారి సరిగ్గా పలికింది. ఇద్దరం ఆకుపచ్చ, తెలుపు రెండు డబ్బాల రంగు, ఒక సన్నని కుంచె కొనుక్కొచ్చాం. కాలంతో కుదిరిన బేరం ఏదీ ఒక్కసారితో తెగదు. నాలుగేళ్ళకో ఐదేళ్ళకో మళ్ళీ కుంచె పట్టుకుని ఈ బోర్డు ముందు కూర్చోవాలి, ఈసారి ఏ కొసరూ లేకుండా.