కొరకని సోమవారం

మా మనవరాలు పక్కనున్న పిల్లవాడి చేతిని రెండు చేతులతో పట్టుకుని, కొరకడానికి నోరు తెరిచింది. అంతకుముందే, అది లాక్కున్న ఎర్ర మగ్గుని వాడు తిరిగి లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాడు. రాయగడలో, పనికి వెళ్లే తల్లుల పిల్లలను చూసుకునే ఒకామె ఇంటి వరండా అది. పిల్లను దింపడానికి వచ్చి నేనింకా గుమ్మం దగ్గరే ఉన్నాను. ఆమె వంటింట్లోంచి గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. అంతలో పిల్ల వాడి చెయ్యి వదిలేసింది. కాలు నేలకేసి కొట్టి, "నాకియ్యి!" అని అరిచింది.

"ఓలమ్మో, నోరు తెరిసి అడిగింది సూడండి బాబూ!" అంది ఆమె. వాడి చెయ్యి తిప్పి చూసింది. పంటి గాటు లేదు. నేను మెట్టు మీద కూర్చుండిపోయాను.

పిల్లకు రెండేళ్లు దాటాయి. తల్లి, అంటే మా అమ్మాయి, ఆ ఊరి ఆసుపత్రిలోనే నర్సు. అల్లుడిది ఊళ్లు తిరిగే ఉద్యోగం. నేనూ మా ఆవిడా కోరాపుట్‌లో ఉంటాం. నాది పత్రికలో పని. వీలైనప్పుడల్లా శనివారం రైలెక్కి వచ్చి సోమవారం వెళ్తాం. ఆ వేసవిలో పిల్ల ఆ వరండాలో పిల్లల్ని వరుసగా కొరకసాగింది, ఎక్కువగా ఈ పిల్లవాడినే.

"సూడమ్మా, ఇంకోపాలి కొరికితే మీ గుంటని నాను ఉంచుకోనేను. ఆ గుంటడి తల్లి నా మీదకొస్తంది" అని పిల్లలను చూసుకునే ఆమె మా అమ్మాయితో చెప్పేసింది. పిల్లను వదలడానికి మరో చోటు లేదు. అమ్మాయి ఉద్యోగం మానే మాట ఎత్తింది.

అమ్మాయి పక్కింటావిడ ఉపాయం చెప్పింది: "తిరిగి నువ్వూ ఓపాలి కొరుకు. నొప్పేటో తెలుస్తాది."

"పెద్దోళ్లు కొరకొచ్చని నేర్పినట్టవుతాది" అని అమ్మాయి ఒప్పుకోలేదు.

ఒక ఆదివారం మా ఆవిడ పిల్లను ఒళ్లో వేసుకుని, "నా జున్నుముక్కా, ఈ బుగ్గ కొరుక్కు తినేస్తానే!" అంటూ ఎప్పటిలాగే పెదవులతో బుగ్గ పట్టింది. పిల్ల కిలకిల నవ్వి, తిరిగి అమ్మమ్మ బుగ్గ కొరికింది, గట్టిగానే. "ఓలమ్మో!" అని ఆవిడ అరిచింది. అందరం నవ్వాం. పిల్ల మా మొహాలు ఒక్కొక్కటే చూసి ఇంకా నవ్వింది.

బట్టలు మడతపెడుతున్న అమ్మాయి ఆగిపోయింది. "అమ్మా, అక్కడ కొరికితే తిడతన్నారు, ఇక్కడ కొరికితే నవ్వుతన్నాం. దానికేటి తెలుస్తాది?"

"మా అమ్మ నా బుగ్గ కొరికింది, నాను నీ బుగ్గ కొరికేను. నువ్వెవర్ని కొరికేవే?"

"సిన్నప్పుడు పక్కింటి గుంటడిని. నువ్వే కదా అందరికీ సెప్పి నవ్వుతావు!"

మా ఆవిడ పిల్లను ఒళ్లోంచి దింపి, మిగిలిన బట్టలు తన ముందుకు లాక్కుంది.

బుగ్గ కొరికే ఆట అప్పటితో మానేశాం. పిల్లను సరదాకి 'కుక్కపిల్ల' అనే పక్కింటివాళ్లను కూడా అమ్మాయి వారించింది. ఎవరినైనా కొరికితే ముందు దెబ్బ తిన్నవాడిని చూడాలి, తర్వాత దీన్ని దగ్గర కూర్చోబెట్టి, "కొరకొద్దు, నొప్పి. కావాలంటే ఇయ్యి అని అడుగు" అనాలి. కేకలు వద్దు, నవ్వులు వద్దు. ఇంట్లోనూ ఆ వరండాలోనూ ఇవే మాటలు. దీనికి ఒప్పుకుని, పిల్లలను చూసుకునే ఆమె ఇంకొన్నాళ్లు చూస్తానంది. మధ్యలో పిల్ల ఇంకోసారి కొరికింది కూడా. ముద్దొచ్చినప్పుడు మా ఆవిడ బుగ్గ దాకా వచ్చి, ఆగి, పిల్ల మెడ మీద ఉఫ్ అని ఊదేది. "ఇదీ ఓ ముద్దేటి!" అని నా మీద విసుక్కునేది.

అందుకే ఆ సోమవారం వరండాలో పిల్ల అరుపు నాకంత హాయిగా వినిపించింది. మగ్గు మాత్రం పిల్లకు వెంటనే దొరకలేదు. "ఆడి ఆటయ్యేక నీకిస్తాడమ్మి" అంది ఆమె. అది ఏడ్చింది. ఏడవనిచ్చాం. ఫోన్‌లో సంగతి చెబితే అమ్మాయి, "సరే నాన్నా, డ్యూటీలో ఉన్నాను" అని పెట్టేసింది. ఉద్యోగం మానేసే మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత పిల్ల ఎవరినీ కొరకలేదు. ఆ పిల్లవాడి తల్లి మాత్రం ఇంత ఎండలోనూ వాడికి పొడుగు చేతుల చొక్కా వేసి, మణికట్టు దగ్గర బొత్తాలు పెట్టి పంపిస్తోంది.