పిడికిట్లో పెరిగిన ఇనుము

మూసాపేటలో ఇప్పుడు మెట్రో స్తంభాలు నిలబడ్డ రోడ్డు పక్కనే, నా చిన్నప్పుడు మా పెద్దబాపు పనిచేసే, ఇనుము చెక్కే లేతు కార్ఖానా ఉండేది. అక్కడ తయారైన ఇనుప పిన్నులను కొలిచి, పనికొచ్చేవీ రానివీ తేల్చడం ఆయన పని. బడి లేని రోజుల్లో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా నేనే పట్టుకెళ్లేదాన్ని. ఆయన కళ్లు డబ్బా మీద, నా కళ్లు ఆయన బల్ల మీద!

బల్ల మీద కంపారేటర్ అనే కొలత యంత్రం ఉండేది. సరైన కొలతకు చేసిన ఇనుప నమూనా ముక్కను దాని కింద పెట్టి, ముల్లును సున్నా దగ్గర నిలిపేవాడు. ఆ తర్వాత ఒక్కో పిన్నూ పెడితే, నమూనా కంటే ఎంత ఎక్కువో ఎంత తక్కువో ముల్లే చెప్పేది. ఆ నమూనా ముక్క అద్దంలా మెరిసేది. దాన్ని గుడ్డతో తప్ప ఒట్టి చేత్తో ముట్టకూడదని కార్ఖానాలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసి ఊరుకుంటే నేను నేనెలా అవుతాను!

ఆ రోజు ఆయన తిని, చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే ముక్కను పిడికిట్లో బిగించి పట్టుకున్నాను. అడుగుల చప్పుడు వినగానే బల్ల మీద పెట్టేశాను. ఆయన గుడ్డతో దాన్ని తీసి, ముల్లును సున్నాకు సరిచేసి కొలవడం మొదలుపెట్టాడు. పొద్దుటి నుంచి చేసిన పిన్నులన్నీ మూడు గీతలు తక్కువ చూపించాయి.

వాటిని చేసింది పాలమూరు నుంచి కొత్తగా వచ్చిన ఒక అన్న. కార్ఖానా సేటు అందరి ముందూ ఆ అన్నతో "రేపటి సంది రాకు" అనేశాడు. అన్న ముఖం పాలిపోయింది. "గంత తక్కువ ఎట్ల తీస్త సేట్, జర మల్ల చూడుండ్రి" అని బతిమాలుతున్నాడు. నాకు ఒకపక్క భయం, ఒకపక్క ఏడుపు. చివరికి పెద్దబాపు చొక్కా అంచు లాగి, ముక్కను పట్టుకున్నది నేనేనని చెవిలో చెప్పాను.

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నమూనా ముక్కను మళ్లీ యంత్రం కింద పెట్టాడు. అప్పటికి చల్లారిన ఆ ముక్క కూడా మూడు గీతలు తక్కువే చూపింది! దాన్ని నా చేతికిచ్చి కాసేపు పట్టుకోమన్నాడు. మళ్లీ పెడితే ముల్లు సున్నా దాకా ఎక్కింది. "చూసినవా బిడ్డా? నీ చెయ్యి వేడికి ఇనుము పెరిగింది. మన కండ్లకు ఆనదు, గీ ముల్లుకు ఆనుతది" అన్నాడు. అదెలాగని అడిగితే మా గల్లీలో నీళ్లు కొట్టే బోరింగును గుర్తుచేశాడు. పిడి మూరెడు కదిలితే అవతలి కడ్డీ కదిలేది బెత్తెడే కదా. ఈ యంత్రం లోపల అది తిరగబడిందట. ఒక చివర వెంట్రుక మందం కంటే తక్కువ కదిలినా, మీటలు దాటి ముల్లు దగ్గరికి వచ్చేసరికి కంటికి కనిపించేంత అవుతుందట.

తర్వాత నమూనాను చల్లారనిచ్చి, సున్నా సరిచేసి, అన్న పిన్నులన్నీ మళ్లీ కొలిచాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. సేటు దగ్గర నా ఊసే ఎత్తలేదు. "పిన్నులు మంచిగనే ఉన్నయి సేట్. నేనే సున్నా తప్పు పెట్టిన" అన్నాడు. సేటు గొణుక్కుంటూ అన్నను లేతు దగ్గరికి పొమ్మన్నాడు. నా వల్ల మా పెద్దబాపు తల దించుకున్నాడు. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇప్పుడు హైటెక్ సిటీ దగ్గర మా అపార్ట్‌మెంట్ కమిటీలో పెద్దదాన్ని నేనే. వాచ్‌మన్ సరిగ్గా పనిచేయడం లేదు, మాన్పించేద్దాం, సంతకం పెట్టండి ఆంటీ అంటూ కాగితాలు తెస్తుంటారు. మోకాళ్ల నొప్పులు ఎక్కువైన రోజున నాకు లోకంలో ప్రతివాళ్లూ మూడు గీతలు తక్కువగానే కనిపిస్తారు. అందుకే రేపు రమ్మంటాను. ముసలమ్మ చాదస్తం అనుకుంటూ వెళ్తారు, అనుకోనీ. మర్నాడు పెన్ను అందుకునే ముందు, చల్లారిందో లేదో అని నా పిడికిలి ఒకసారి విప్పి చూసుకుంటాను.