చింతపండు మిగిల్చిన నీలం

ఎదురింటివాళ్లు ఇత్తడి బిందెలు తోముకుంటున్నారు. చింతపండు పులుపూ తడిసిన ఇటుకపొడీ కలిసిన ఆ వాసన కిటికీలోంచి వచ్చినప్పుడల్లా చదువుతున్న కాగితం పక్కన పెట్టేస్తాను. చాలామందికి దానితో పండగ గుర్తుకొస్తుంది. నాకు జాన్‌రత్నం సారు గుర్తుకొస్తారు. ఆయనతోపాటు కొంత అలసట కూడా వస్తుంది.

నలభైల చివరి సంవత్సరాలవి. రెండో ప్రపంచయుద్ధం ముగిసినా మా వైపు అల్లర్లు ఇంకా చల్లారలేదు. సైన్సు పట్టా చేతబట్టుకొని సూర్యాపేట బడిలో ఉపాధ్యాయుడిగా చేరాను. జాన్‌రత్నం సారు అక్కడ నాకు పై అధికారి. నెయ్యిలో కల్తీ అనిపించినా, తూకపురాయి మీద అనుమానం వచ్చినా జనం ఆయన దగ్గరికే తెచ్చేవారు. వస్తువును చూడడం పూర్తయ్యేదాకా దాని కథ వినకపోవడం ఆయన నియమం. "కథ ముందు వింటే కన్ను దానికి జీతగాడైపోతుందయ్యా" అనేవారు.

ఒక సాయంత్రం త్రిపురారం నుంచి ఎల్లయ్య, అతని భార్య ముత్తమ్మ వచ్చారు. వెంట కోదాడ ధాన్యం వ్యాపారి సుబ్బయ్యశెట్టి ఉన్నాడు. ఎల్లయ్య యుద్ధకాలంలో ఇటలీ దాకా వెళ్లి సైన్యానికి కంచరగాడిదలు తోలినవాడు. గుడ్డమూట విప్పి ఒక దుర్భిణిని బల్లమీద పెట్టాడు. అది పూజగదిలో పళ్లెంలా మెరుస్తోంది.

సారు ఎవరినీ మాట్లాడనివ్వకుండా దాన్ని నా చేతికిచ్చారు. పెద్ద అద్దం అడ్డుకొలత యాభై మిల్లీమీటర్లు. ఆకాశం వైపు తిప్పి, కన్ను ఆనించే చోట కాగితం పట్టుకుంటే పడిన వెలుగుచుక్క ఏడు మిల్లీమీటర్లు. యాభైని ఏడుతో భాగిస్తే దాదాపు ఏడు. అంటే ఏడు రెట్లు దగ్గరగా, మసక వెలుతురులో కూడా చూపగలిగేది. ఓడల మీద ఇటువంటివే వాడతారని చదివాను. కాని ఇటువంటివన్నీ ఓడలవి కావు. దీపం దగ్గర పెట్టి అద్దంలో ప్రతిబింబం చూశాను. యుద్ధకాలపు మేలైన అద్దాలకు వేసే పలుచని పూత ఉంటే అది నీలంగా ఉండాలి. తెల్లగా ఉంది.

"పూత లేదు, ఏ దేశపు గుర్తూ లేదు. నకిలీ సార్" అన్నాను.

"ఏది నకిలీ? గుర్తా, అద్దమా, మనిషా? మూడింటినీ ఒక్క మాటతో కొట్టెయ్యకు" అని ఎల్లయ్య వైపు తిరిగారు. "ఇప్పుడు చెప్పు."

"గద్ద బొమ్మ, దానికింద ఎమ్ అక్షరం, ఆళ్ల ఓడల ముద్రట, తెల్లగ ఉండె సారు. పట్టువడ్డ జర్మన్ ఓడోడు సిగరెట్లకిచ్చిండు. ఇగ అవి ఏడవోయినయో మా ఇంటిదాన్ని అడుగుండ్రి."

"నల్లగ మసివట్టిన వంటబోగాని లెక్క ఉండె" అంది ముత్తమ్మ. "సేటు కాడికి గట్ల తీస్కపోతే ఇజ్జత్ పోదా? చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమిన. అద్దాలకు బూడిదేసి రుద్దిన."

"లడాయిల ఖరాబు గాలే. మా ఇంట్ల ఖతమైంది."

"పక్కనే కూసొని సూసినవ్ గద. వద్దనకపోతివి."

శెట్టి గొంతు సవరించుకున్నాడు. "బందరులో పడవలు నడిపే మా వియ్యంకుడికి కానుకండి మాస్టారూ. జర్మనీ ఓడలదని మీరంటే జతెడ్ల ధర ఇస్తాను. లేదంటే, అద్దం మంచిదైతే ఒక్క ఎద్దు ధరేనండి."

సారు దీపాన్ని పక్కకు జరిపి, "బూడిద లోపలికి పోదు కదా. మళ్లీ చూడు" అన్నారు నాతో. తెల్లని ప్రతిబింబం వెనక, అద్దాల లోపలి తలాల మీద చిన్న చిన్న దీపాలు నీలంగా కనిపించాయి. ఏటవాలు వెలుతురులో ఇత్తడి మీద ఒక వాలుగీత కూడా తేలింది. అది ఎమ్ కాలు కావచ్చు, ఇటుకపొడి గీత కావచ్చు.

"యుద్ధకాలపు మేలైన అద్దం. పూత నిజం. కాని ఆ పూత ఇరుపక్షాలవాళ్లూ వేశారు" అన్నారాయన. "జర్మనీ ఓడలదనే గుర్తు నాకు కనబడలేదు. ఇతను అబద్ధమాడాడనే ఆధారమూ కనబడలేదు."

"ఎమ్ అని ఒక్క మాట అనుండ్రి సారు" అన్నాడు ఎల్లయ్య. "ఉన్న జత సచ్చిపోయింది. ఒక్క ఎద్దుతోని దుక్కి ఎట్లయితది?"

సారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "నేను చూడలేదు ఎల్లయ్యా."

శెట్టి బయటికి వెళ్లి, మునిమాపు వెలుగులో దుర్భిణి కళ్లకు పెట్టుకొని వచ్చాడు. "చూపు మాత్రం బాగుందండి" అని ఒక ఎద్దు ధర ఇచ్చాడు.

వాళ్లు వెళ్లాక, ఆ మాట అనుంటే ఎవరికి నష్టమని అడిగాను. "చూడనిది నేను అననని తెలుసు కాబట్టే అద్దం మంచిదన్న మాటను శెట్టి నమ్మాడు. ఆ ఒక్క ఎద్దూ అందుకే వచ్చింది" అన్నారు. అది ఆయనకే సరిపోయిన జవాబులా అనిపించలేదు. ఆ పూట దీపం ఆర్పడం కూడా నాకే వదిలేశారు.

తర్వాత నాకు మిర్యాలగూడ బదిలీ అయింది. త్రిపురారం దారిలో ఒకసారి ఎల్లయ్య దున్నుతూ కనిపించాడు. కాడికి అతని ఎద్దు ఒకవైపు, పొరుగువాడిది మరోవైపు. "ముందుగాల వాని చెల్క, ఎనుక నాది. అదును దాటినంక దున్నుతున్న" అన్నాడు. ఎద్దుల్ని ఆపి, "ఊళ్లె ఇంకా నన్ను అబద్ధాలోడనే అంటరు. సారొక్కడే అనలే. మంచిగున్నడా?" అని అడిగాడు.

ఇప్పటికీ పరీక్షించమని ఏ వస్తువు నా ముందుకొచ్చినా, "లేదు" అని రాసేముందు దీపాన్ని ఒకసారి పక్కకు జరుపుతాను. అప్పటికీ కనబడకపోతే "కనబడలేదు" అని మాత్రమే రాస్తాను. ఆ అలవాటు ఆయనది. రాశాక మాత్రం మనసు త్వరగా కుదుటపడదు. ఎల్లయ్య కాడికి రెండోవైపు నడిచిన ఎద్దు ఎవరిదో నేను చూశాను.